ఇరవై రెండు డిగ్రీల గది

మా అక్క పోయిన పద్దెనిమిదో రోజున బావ వచ్చి, పాపని, ఒక సూట్‌కేసుని, ఒక రసీదుని మా వరండాలో దింపాడు. సూట్‌కేసు పాపది. రసీదు మా అక్కది.

"ఇదొకటి ఉంది," అన్నాడు రసీదు నా చేతికిస్తూ. "ఆసుపత్రిలో చేరే ముందు వారం వెళ్లి కట్టొచ్చిందట. పాపకి పదేళ్లు నిండితే కొనిపెడతానని ఎప్పుడో మాటిచ్చింది. ఇంకో పదిహేను రోజుల్లో వస్తుందట. పంజరం సిద్ధం చేసుకుని వస్తేనే ఇస్తారట."

"ఏం వస్తుంది బావా?"

"చించిల్లా."

లోపలి నుంచి అమ్మ, "ఏమిటది, కుక్కా?" అంది.

"ఎలుక జాతిదే అత్తయ్యా. బూడిద రంగులో, బొచ్చుబొచ్చుగా ఉంటుంది."

"ఎలుక కాదు," అంది పాప. బండి దిగాక ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే.

బావ లిఫ్టు మెకానిక్కు. ఏ భవనంలో ఎవరు ఇరుక్కున్నా ఫోను ఆయనకే వస్తుంది. ఆ రోజు మా ఇంట్లో కూర్చున్న పది నిమిషాల్లో రెండుసార్లు మోగింది. రెండుసార్లూ దాని వంక చూశాడు కానీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "వస్తున్నా, తలుపు బలవంతంగా లాగకండి," అన్నాడు. లేచి, "రెండు నెలలు ఉండనీ అత్తయ్యా. బడి తెరిచేనాటికి వచ్చి తీసుకెళ్తా," అన్నాడు. పాప తల మీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో సూట్‌కేసు మీద వేశాడు.

ఆయన వెళ్లాక అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"రెండు నెలలు కాదు. పాప ఇక్కడే ఉండాలి," అంది.

"బావ ఒప్పుకోవద్దూ?"

"ఒప్పుకోక ఏం చేస్తాడు? ఒంటిచేత్తో పెంచగలడా? పొద్దున్నే దువ్వి జడ వేసే దిక్కుందా ఆ ఇంట్లో? నువ్వు మాత్రం అది ఏది అడిగితే అది తెచ్చిపెట్టు. ఆ ఎలుక మనింట్లో కుదురుకుందంటే పిల్లా కుదురుకుంటుంది. ఉన్నదే ఒక్క కూతురు నాకు. దాని ముక్క ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా పంపించేసి ఎవరి మొహం చూస్తూ కూర్చోను?"

సరే అన్నాను. ఆ రోజుల్లో నేను అన్నిటికీ సరే అంటున్నాను. ఆసుపత్రివాళ్లు ఇక్కడ సంతకం పెట్టండంటే సరే. చూడవచ్చినవాళ్లు గట్టిగా ఏడ్చెయ్యి, తేలికపడతావంటే దానికీ సరే. ఏడుపు మాత్రం రాలేదు. వస్తుంది, వస్తుంది అని అందరూ చెప్పారు, ఆలస్యమైన బస్సు గురించి చెప్పినట్టు. నేనూ బస్టాపులో నిలబడ్డవాడిలాగే ఉన్నాను. ఆకలి వేస్తే తిన్నాను. నిద్ర వస్తే పడుకున్నాను. అంతే.

పంజరమంటే నాకు పెద్ద పనేం కాదు. మాది పంజరాల షెడ్డే. గుడ్లు పెట్టే కోళ్లకి ఫారాలవాళ్లు వాడే తీగ పంజరాలు చేస్తాం. జాలీ చుట్టలుగా వస్తుంది. కొలత ప్రకారం కోసి, వంచి, పలకలుగా కట్టి లారీ ఎక్కిస్తాం. ఫారంలో నిలబెట్టి క్లిప్పులతో బిగించుకుంటారు. నాన్న పెట్టిన షెడ్డు. డిగ్రీ పూర్తి చేసి నేను ఉద్యోగం వెతుక్కునేలోపే షెడ్డు నన్ను వెతుక్కుంది. నాన్న కాలం నుంచి ఉన్నవాడు కటింగు బాబాయి ఒక్కడే. మిషను మోతకి ఆయనకి సగం చెవుడు. వినపడని సగానికి కూడా కలిపి మాట్లాడతాడు.

మూడు రోజులు నేనే కూర్చుని ఆ పంజరం చేశాను. ఏం ఆలోచిస్తూ చేశానో తెలీదు. చేతులు వాటి పాటికవి చేసుకుపోయాయి. నాలుగో రోజు పాపని షెడ్డుకి తీసుకెళ్లి చూపించాను.

పాప దాని చుట్టూ తిరిగింది. గొంతుక్కూర్చుని కింద నుంచి చూసింది. లేచి ముందువైపు వేలితో తడిమింది.

"మామయ్యా, నేల వాలుగా ఉందేంటి?"

అప్పుడు చూశాను నేను.

"చివర్న ఈ తొట్టి ఎందుకు?"

కటింగు బాబాయి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తనూ ఒకసారి పరకాయించి చూశాడు.

"ఎందుకేంటి తల్లీ! గుడ్డు పెట్టిందనుకో, మెల్లగా దొర్లుకుంటూ వచ్చి ఇందులో పడుతుంది. పగలదు."

"చించిల్లా గుడ్లు పెట్టదు తాతా."

"పెట్టకేం! మీ మామయ్య అంత కష్టపడి తొట్టి కట్టాక, మర్యాదకైనా ఒకటి పెడుతుంది."

టీ తెచ్చిన నా భార్య గ్లాసులు గబుక్కున బల్ల మీద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జాలీ వంచే ఇద్దరూ పని ఆపేసి నవ్వారు. పాప కూడా కింది పెదవి పంటితో పట్టుకుంది. ఆ నవ్వు నాకు పక్కింట్లోంచి వినిపించినట్టు వినిపించింది. బాగానే ఉంది, కానీ మనది కాదు.

"నేలకి జాలీ ఉండకూడదు మామయ్యా," అంది పాప. "వేళ్లు ఇరుక్కుని కాలు విరుగుతుంది. చెక్క ఉండాలి."

"చెక్క వేస్తే పెంట కిందికెట్లా పోతుంది?" అన్నాడు బాబాయి.

"పోదు. మనమే ఎత్తాలి. రోజూ."

"మనం అంటే?"

"నేను."

"ఆఁ, అట్లా చెప్పు. ఇంకా?"

"ఈ తీగ మీద తెల్లటి పూత ఉంది కదా. అది కొరికితే కడుపులోకి పోయి చచ్చిపోతుంది. రంగు వెయ్యకూడదు. ప్లాస్టిక్ పెట్టకూడదు. నా కంటే ఎత్తుండాలి. మధ్యలో చెక్కలు, ఒకటి ఇటు, ఒకటి అటు, ఎగరడానికి."

"లిఫ్టు కూడా పెట్టిద్దామా ఇన్‌స్పెక్టరమ్మా? మీ నాన్నకి ఫోను కొట్టమంటావా?"

పాప నిజంగానే ఆలోచించింది. "అక్కర్లేదు తాతా. అదే ఎగురుతుంది."

చచ్చిపోతుంది అన్న మాటని ఆ పిల్ల గ్లాసు కిందపెట్టినంత మామూలుగా అంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనడం లేదు. ‘అది జరిగాక’ అనుకుంటున్నాం అందరం.

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?" అంది నా భార్య.

"అమ్మా నేనూ చదివాం."

ఆ కోళ్ల పంజరాన్ని బాబాయి అదే రోజు లారీ లోడులో కలిపేశాడు. ఏ కోడికి దక్కిందో.

అసలు చిక్కు పంజరం కాదు, ఎండ. ఇరవై అయిదు డిగ్రీలు దాటితే చించిల్లా ప్రాణానికి ప్రమాదమట. ఒంటి నిండా అంత దట్టమైన బొచ్చు, దానికి చెమట పట్టదు. ఇరవై రెండులో ఉంచితే హాయిగా ఉంటుందంది పాప. బయట నలభై రెండు. ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క మా గదిలోనే.

ఆ సంగతి నేను మెల్లగా ఎత్తేసరికి నా భార్య చీపురు పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది.

"పెళ్లయిన ఏడేళ్లకి బిగించారు నాకు ఏసీ. ఎలుకకి మాత్రం అది రాకముందే సిద్ధం," అంది.

"ఎలుక కాదత్తా," అంది పాప గుమ్మంలోంచి.

"సరేనమ్మా, దొరగారు. దొరగారికి పరుపు కూడా కావాలా, లేక మా పరుపు మేం తీసుకుపోవచ్చా?"

సాయంత్రానికి మంచం, బీరువా హాల్లోకి వచ్చాయి. అమ్మ ఆ బీరువా ఎక్కడ పెట్టాలో చెబుతూ నా వైపు చూసింది. చూశావా, కుదురుకుంటోంది అన్నట్టు.

ఈసారి పూత తీగ కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ తెప్పించాను. చట్రానికి స్టీలు గొట్టాలు. వడ్రంగి దగ్గర పాలిషు తగలని తెల్లచెక్క తీసుకుని, అంచులు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. పలకలు షెడ్డులో కోసి గదిలోకి తెచ్చాం. వెల్డింగు మిషను కూడా గదిలోకే తెచ్చాను.

"క్లిప్పులు చాలవా అబ్బాయీ?" అన్నాడు బాబాయి.

"కొరుకుతుందట."

"స్టీలు క్లిప్పునా?"

నేను ముఖానికి వెల్డింగు అద్దం పెట్టేసుకున్నాను. ఆయనలాగే నాకూ వినపడనట్టు నటించాను. రెండు రోజులు పట్టింది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల పొడవు. లోపల అయిదు చెక్కలు, ఒక మూల చెక్కపెట్టె, దాక్కోవడానికి. ముంజేతి మీద నిప్పురవ్వలు పడి బొబ్బలు లేచిన సంగతి అన్నం పెడుతూ నా భార్య చూసి చెబితే తెలిసింది.

రసీదు పట్టుకుని ముగ్గురం పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్లాం. కొట్టు నడిపేది ఒక లావుపాటి ఆవిడ. పాప అడుగుతుంటే ఆవిడ తీసి బల్ల మీద పెడుతోంది. ఎండుగడ్డి సంచీ, గుళికల మేత, మూతికి స్టీలు గొట్టం ఉన్న గాజు నీళ్లసీసా, కాలు దూరే సందుల్లేని తిరుగుడు చక్రం, స్నానానికి బూడిద.

"బూడిదతో స్నానమా?" అంది నా భార్య.

"నీళ్లు తగలకూడదమ్మా దీనికి," అంది ఆవిడ. "తడిస్తే ఆ బొచ్చు ఆరదు, జబ్బు చేస్తుంది. గిన్నెలో ఈ బూడిద పోసి పెట్టండి, అదే దొర్లుకుంటుంది. వారానికి మూడుసార్లు."

"ఎన్నేళ్లు బతుకుతుంది?" అన్నాను నేను.

"బాగా చూసుకుంటే పదిహేనేళ్లు. ఇరవై ఏళ్లు బతికినవీ ఉన్నాయి."

బాగా చూసుకుంటే అన్న మాట దగ్గర పాప తల దించుకుని, కట్టే ఉన్న గడ్డి సంచీ మూతి విప్పి మళ్లీ కట్టింది.

చించిల్లాని చిల్లులున్న అట్టపెట్టెలో ఇచ్చారు. దారి పొడుగునా పాప పెట్టెని ఒళ్లో పెట్టుకుని, మోకాళ్ల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక పంజరం తలుపు తీసి, పెట్టె మూత తీసి, వెనక్కి జరిగింది. అరగంట ఏమీ జరగలేదు. తర్వాత రెండు పెద్ద చెవులు బయటికొచ్చాయి. ఆ వెనక మిగతాది వచ్చింది. ఒక్క ఎగురు ఎగిరి మొదటి చెక్క, అక్కడి నుంచి రెండోది, మూడోది. పైన కూర్చుని మా అందరినీ కిందికి చూసింది.

"దూదిబస్తాకి కళ్లు పెట్టినట్టుందే!" అన్నాడు చూడ్డానికి వచ్చిన బాబాయి.

అలా దానికి దూది అని పేరు స్థిరపడింది.

పగలంతా పెట్టెలో నిద్రపోయేది. పొద్దు వాలుతుంటే లేచేది. పాప దినచర్య దాని చుట్టూ తిరిగింది. పొద్దున పెంట ఎత్తడం, చెక్కలు తుడవడం, నీళ్లు మార్చడం, గడ్డి పెట్టడం. సాయంత్రం బూడిద గిన్నె. దూది అందులో బొంగరంలా దొర్లుతుంటే గదంతా మసక. ఒకరోజు అమ్మ ఆ మసక చూసి ముక్కు మూసుకుని, "ఆ బూడిద ఏమిటే పాపం, మట్టిలో పొర్లినట్టు! ఇది చల్లవే, ఘుమఘుమలాడుతుంది," అని తన పౌడరు డబ్బా పట్టుకొచ్చింది. పాప పంజరం ముందు రెండు చేతులూ చాపి నిలబడిపోయింది.

"అమ్మమ్మా, డబ్బా బయట పెట్టు."

"పౌడరే కదే!"

"దాని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బయట పెట్టు."

అమ్మ డబ్బా గుమ్మం అవతల పెట్టి వచ్చి, "పోలీసుల్లో పుట్టాల్సిన పిల్ల," అంది. అని అక్కడే కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అమ్మ ఆ గదిలోనే.

బావ వారానికొకసారి ఫోను చేసేవాడు. పాప దూది గురించి చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు. పాప ఫోను పెట్టేసే ముందు ప్రతిసారీ, "నాన్నా, తిన్నావా? ఏం తిన్నావు? అది తిండి కాదు," అనేది. అమ్మ పక్కనే గడ్డి ఏరుతున్నట్టు కూర్చుని వినేది.

ఎండ ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందన్నారు. నేను షెడ్డు నుంచి వచ్చేసరికి గది తలుపుకి తడి దుప్పటి వేలాడదీసి ఉంది. లోపల గోడ మీది థర్మామీటరు ఇరవై ఆరు. పాప ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఉంచిన నీళ్లసీసాలని తువ్వాళ్లలో చుట్టి పంజరంలో పెట్టింది. వంటింటి అరుగు నుంచి మిగిలిన నల్లరాతి ముక్క ఒకటి, ఫ్రిజ్‌లో చల్లబరిచినది, నేలచెక్క మీద ఉంది. దూది దాని మీద పొట్ట ఆనించి సాగిలపడి ఉంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

అమ్మ పీట మీద కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. పంజరానికి ఒక పక్క అమ్మ, ఒక పక్క ఇంకో అట్టతో పాప.

"నేను విసురుతానమ్మా, నువ్వు లే," అన్నాను.

"ఉండరా."

గంట గడిచింది. ఇరవై ఏడు. నా భార్య ఇంటింటికీ తిరిగి మంచు అడిగి తెచ్చింది. రెండు గంటలు గడిచాయి. అమ్మ చెయ్యి మార్చింది కానీ విసరడం ఆపలేదు. చీకటి గదిలో అట్ట చప్పుడు ఒక్కటే.

"మీ అమ్మకి ఇట్లా విసరలేదే నేను," అంది అమ్మ, పాపతోనో దూదితోనో. "అంత జ్వరంలో పడుకుంటే ఒక్కసారి కూడా విసరలేదు. లోపలికి రానివ్వలేదు వాళ్లు. అద్దంలోంచి చూడమన్నారు."

పాప చెయ్యి ఆగలేదు.

"అమ్మకి ఏసీ ఉంది అమ్మమ్మా," అంది. "చల్లగానే ఉంది అక్కడ."

కరెంటు నాలుగున్నరకి వచ్చింది. ఏసీ పెద్దగా మూలిగి మొదలైంది. అమ్మ అట్టముక్క కింద పెట్టబోతే వేళ్లు విప్పుకోలేదు. నా భార్య ఒక్కొక్క వేలే తీసింది. నేను థర్మామీటరు చూస్తూ నిలబడ్డాను. ఇరవై ఆరు. ఇరవై అయిదు. ఆ అంకె దిగుతుంటే చూడ్డం తప్ప నాకు ఆ పూట చెయ్యగలిగిన పని కనిపించలేదు.

మొదటి వాన పడిన ఆదివారం బావ వ్యాను తీసుకుని వచ్చాడు.

ఆయన ఒంటి మీద వదులైపోయిన చొక్కా చూసి అమ్మ ముందు భోజనం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక మొదలుపెట్టింది.

"పాప ఇక్కడే ఉంటుంది అల్లుడూ. ఇక్కడ బడి లేదా? నెలకోసారి వచ్చి చూసిపో. నీ పిల్లని నేనేం లాక్కోవడం లేదు. నువ్వు ఎప్పుడు ఇంట్లో ఉంటావో నీకే తెలీదు. ఆడపిల్లని ఒక్కదాన్నే తాళం వేసి పోతావా?"

బావ వాదించలేదు. ఇంతకాలంలో ఆయన ఎవరితోనైనా వాదించగా నేను చూడలేదు. "పగటి డ్యూటీకి మార్చుకున్నా అత్తయ్యా," అన్నాడు. మళ్లీ తనే, "దాన్నే అడగండి. ఏదంటే అదే," అన్నాడు.

అమ్మ పాప వైపు తిరిగింది. ఆ మొహంలో ఆశ చూసి నా భార్య ఎంగిలి కంచం తీసుకుని లోపలికెళ్లింది.

"నీకిక్కడ ఏం తక్కువైందే?"

"ఏం తక్కువ కాలేదు అమ్మమ్మా."

"మరి?"

"నాన్నకి చెప్పేవాళ్లు లేరు."

"ఏం చెప్పేవాళ్లు?"

"అన్నీ," అంది పాప. తర్వాత, "దూది కూడా వస్తేనే వెళ్తాను," అంది.

సరేనని బావ, నేను, వాన వెలిశాక వచ్చిన కటింగు బాబాయి గదిలోకి వెళ్లాం. పాప దూదిని అట్టపెట్టెలోకి ఎక్కించి నా భార్యకి ఇచ్చింది. చెక్కలు, చక్రం, పెట్టె బయటికి తీశాం. ముగ్గురం తలా ఒక మూల పట్టుకుని పంజరం ఎత్తి గుమ్మం దాకా తెచ్చాం. గుమ్మం దగ్గర ఆగింది.

అడ్డం తిప్పాం. ఆగింది. పడుకోబెట్టి చూశాం. ఏటవాలుగా ఎత్తాం. చట్రం తలుపు చెక్కకి కొట్టుకుని ఠంగుమంది.

"లోపలే పుట్టి లోపలే పెరిగినట్టుందిరా ఇది," అన్నాడు బాబాయి ఆయాసపడుతూ.

పాప బాబాయి నడుముకున్న టేపు లాక్కుంది. గుమ్మానికి అడ్డంగా పట్టింది. ముప్ఫై అంగుళాలు. పంజరం లోతు పట్టింది. ముప్ఫై నాలుగు. మళ్లీ ఒకసారి రెండూ కొలిచింది.

హాల్లోంచి అమ్మ, "పట్టకపోతే ఇంకేం. అది ఇక్కడే ఉంటుంది, పిల్లా ఇక్కడే ఉంటుంది," అంది. ఆ గొంతులో అంత ఓపిక ఆ రెండు నెలల్లో వినలేదు నేను.

"మామయ్యా," అంది పాప. "కట్టేముందు తలుపు కొలవలేదా నువ్వు?"

"ధ్యాసలో లేడు తల్లీ మీ మామయ్య," అన్నాడు బాబాయి గబగబా. "గుడ్ల తొట్టి కట్టినవాడు, తలుపు ఏం చూస్తాడు? నేనైనా చూసుండాల్సింది, చెవుడుతో పాటు గుడ్డితనం కూడా వచ్చింది నాకు."

ఆ మాటకి తలూపితే అయిపోయేది. బాబాయి నా కోసమే దాన్ని అక్కడ పెట్టాడు.

"కొలిచాను," అన్నాను.

ఏసీ ఇంకా నడుస్తోంది. తలుపు తీసి ఉండటంతో చల్లగాలి మా కాళ్ల మీదుగా హాల్లోకి పోతోంది. బావ పంజరం అంచు మీద ఉన్న వెల్డింగు అతుకుని బొటనవేలితో ఒకసారి రాశాడు. అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

పాప నా మొహంలోకి కాసేపు చూసింది. టేపు వదిలితే అది చర్రుమని లోపలికి చుట్టుకుంది.

"ఇప్పుడు ఎక్కడ కొయ్యాలి?" అంది.

ఎక్కడ కొయ్యాలో నాకు తెలుసు. గ్రైండరు తెచ్చి మూలలు నాలుగూ, మధ్య అడ్డగొట్టాలూ కోశాను. కోసిన చోటల్లా పదును పోయేలా పాప గరుకు కాగితం రుద్దింది. ఆరు పలకలయ్యాయి. మా సరుకంతా ఎలా లారీ ఎక్కుతుందో అలాగే వాటిని కట్టి వ్యానులో పెట్టాను. స్టీలు క్లిప్పుల డబ్బా, బిగించే కటింగు ప్లేయరూ కూడా పెట్టుకుని నేనూ ఎక్కాను. బయల్దేరేటప్పుడు అమ్మ వచ్చి పాపకి జడ మళ్లీ విప్పి గట్టిగా అల్లింది. పాప నొప్పి అనలేదు.

బావ ఉండేది మూడో అంతస్తులో. కింద లిఫ్టు తలుపుకి పనిచేయుట లేదు అని అట్ట వేలాడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"నెలపైనే."

"మరి నువ్వు..."

"ఇక్కడివాళ్లెవరూ ఫోను చెయ్యలేదు," అన్నాడు బావ. అని, కాసేపటికి, "బాగుచెయ్యాలి. రేపు చేస్తా," అన్నాడు.

పాప దూది పెట్టె పట్టుకుని ముందే పైకి వెళ్లిపోయింది. మేమిద్దరం ఒక్కొక్క పలకా మోశాం. పెద్ద పలక ఆఖర్న మిగిలింది. ముందు ఆయన, వెనక నేను. రెండో అంతస్తు దాటాక మెట్ల మలుపులో ఊపిరి అందక దించాం. ఆయన ఒక మెట్టు మీద కూర్చున్నాడు. నేను గోడకి ఆనుకున్నాను. పలక మా మధ్య నిలబడి ఉంది. జాలీ గళ్లలోంచి ఆయన మొహం ముక్కలుముక్కలుగా కనబడుతోంది.

"రెండుసార్లు బయల్దేరాను," అన్నాడు. "మీ ఇంటికి. సగం దూరం వచ్చి వెనక్కి తిరిగాను. ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్తాం, తీసుకెళ్లి ఏం చేస్తాం అని."

"బావా, తప్పు నాదే," అన్నాను. "నాలుగంగుళాలు కావాలనే పెంచాను."

ఆయన చెమట తుడుచుకున్నాడు.

"నాలుగేనా?" అన్నాడు. "నేనైతే గోడకే వెల్డింగు పెట్టేసేవాణ్ణి."

నవ్వలేదు ఆయన. నేనూ నవ్వలేదు. పై నుంచి పాప గొంతు వినిపించింది.

"నాన్నా! మామయ్యా! ఎంతసేపు? ఏసీ వేసినా ఇక్కడ ఇంకా ఇరవై నాలుగు ఉంది!"

బావ లేచాడు. పలక అంచు పట్టుకున్నాడు.

"నీ వైపు కాస్త ఎత్తు," అన్నాడు.

ఎత్తాను.